అన్నింటికీ 5 వేసుకున్నాను

మా ఆఫీసులో టీమ్ లీడ్‌లందరికీ ఒక ఫారం ఇచ్చారు. వేరే ప్రాంతం, వేరే మతం, వేరే భాష వాళ్ళతో పనిచేయడంపై మన మనసులో ఏముందో మనమే చూసుకోవాలి. "ఇతర భాషల వాళ్ళ మాట ఓపిగ్గా వింటాను" లాంటి వాక్యాలకు 1 నుంచి 5 దాకా మార్కులు. పది నిమిషాల్లో దాదాపు అన్నింటికీ 5 వేసేశాను. అబద్ధం రాయలేదు. నేను అలాంటివాణ్ణేనని నిజంగా నమ్మాను.

తర్వాత, మనకే తెలియకుండా మనసు ఎటు మొగ్గుతుందో చూసే ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్ చేయమన్నారు. దీన్ని జనంలోకి తెచ్చిన ప్రాజెక్ట్ ఇంప్లిసిట్‌ను 1998లో మొదలుపెట్టిన ముగ్గురిలో మనస్తత్వవేత్త మహజరీన్ బనాజీ ఒకరు. ఆమె పుట్టి పెరిగింది మన సికింద్రాబాద్‌లోనే, ఎంఏ చదివింది ఉస్మానియాలో. అది తెలిశాక ఇంకాస్త శ్రద్ధగా కూర్చున్నాను. తెర మీద ముఖాలు, మాటలు వస్తుంటాయి. ఎడమకు E, కుడికి I కీ వెంటవెంటనే నొక్కాలి. నల్లటి ముఖానికీ మంచి మాటకీ ఒకే కీ పెట్టినప్పుడు నా వేలు ఆగడం నాకే తెలిసింది. అదే మనిషి మళ్ళీ చేస్తే ఫలితం మారొచ్చు కాబట్టి దాన్ని తీర్పుగా తీసుకోనక్కర్లేదు. కానీ ఆ వేలు ఆగడం మాత్రం నన్ను వదల్లేదు.

చివరిది ఒక తెల్లకాగితం. ఈ నెలలో ఎవరితో భోంచేశావు, డెమో ఎవరికిచ్చావు, సలహా ఎవర్నడిగావు, పేర్లు రాయమన్నారు. పదకొండు పేర్లు రాశాను. అన్నీ తెలుగువాళ్ళవే. అస్సాంలోని జోర్హాట్ నుంచి వచ్చిన అమ్మాయి పద్నాలుగు నెలలుగా నాకు రెండు కుర్చీల అవతలే కూర్చుంటోంది. ఆమె పేరు ఒక్కచోటా లేదు.

మర్నాడు టీ దగ్గర ఆమెనే అడిగాను, మా టీమ్‌లో నీకెలా ఉందని. కాసేపు కప్పు తిప్పుతూ ఊరుకుంది. "రోజూ నిలబడి మాట్లాడుకునే స్టాండప్ మీటింగ్‌లో మీరు తెలుగులోకి వెళ్ళగానే నేను ఫోన్ తీస్తాను. అర్థంకాక నిలబడ్డానని ఎవరికీ తెలియకూడదని" అంది. మేం రెండు రోజులు తల బాదుకున్న లాగిన్ బగ్‌ను తను పాత కంపెనీలో ఒకసారి సరిచేసిందట. మేం దేని గురించి మాట్లాడుకుంటున్నామో తెలిస్తే కదా చెప్పడానికి! నాకు గొంతు పట్టేసింది.

ఫారం వెనక్కి తీసుకుని, ఓపిగ్గా వింటానన్న వాక్యానికి వేసిన 5ను 2 చేశాను.

ఇప్పుడు స్టాండప్ ఇంగ్లీషులోనే. తెలుగు దొర్లితే పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టమని ఆమెకు నేనే చెప్పాను. మొదటి వారం మొహమాటపడింది. నిన్న నాలుగుసార్లు కొట్టింది.