కనిపించని పైకప్పు

ఇవాళ మొదటి డికంప్రెషన్ డైవ్ చేశాను, అంటే పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన స్కూబా డైవ్. ఇన్నాళ్లూ ఏ ఇబ్బంది వచ్చినా నేరుగా పైకి వెళ్లిపోవచ్చన్న ధీమా ఉండేది. 42 మీటర్ల లోతులో డైవ్ కంప్యూటర్ మీద స్టాప్, అంటే పైకి వెళ్లే దారిలో ఆగాలన్న సూచన, పడగానే ఆ ధీమా పోయింది. ఒంట్లో కరిగిన నైట్రోజన్ నిదానంగా బయటికి పోవాలి, తొందరపడితే బుడగలు కడుతుంది.

21 మీటర్ల దగ్గర 50 శాతం ఆక్సిజన్ ఉన్న సిలిండర్‌కి మారాలి. అంతకన్నా బాగా లోతులో దాన్ని పీలిస్తే మూర్ఛ రావచ్చు. అందుకే సిలిండర్ మీద రాసిన అంకె బడ్డీకి, అంటే నాతో జతగా దిగిన డైవర్‌కి, చూపించి, తను ఓకే సైగ చేశాకే దాని గాలి పీల్చే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకున్నా. చేతులు వణికాయి, నిజంగా.

చివర్లో 6 మీటర్ల దగ్గర 9 నిమిషాలు. తాడు పట్టుకుని తలెత్తితే పడవ అడుగుభాగం, దానికి అంటుకున్న నాచు కూడా కనిపిస్తున్నాయి. అంత దగ్గర. అయినా కదల్లేదు.