పంజరంలో లువాక్, తోటలో లువాక్

ఉబుద్‌లో కారెక్కిన పది నిమిషాలకే డ్రైవరు అడిగాడు, "లువాక్ కాఫీ తాగారా?" అని. లువాక్ అనే జంతువు కాఫీ పళ్లు తిని పెంటికల్లో వదిలిన గింజలతో చేసే కాఫీ అది. బాలి వచ్చిన వాళ్లందరినీ అడిగే ప్రశ్నే. జూలై నెల. బతూర్ అగ్నిపర్వతం చూద్దామని అక్కా నేనూ కింతామణి బయల్దేరాం. అక్కకు కాఫీ అంటే ప్రాణం. "దారిలోదే కదరా, ఆపమను" అంది. డ్రైవరును మేం కూడా అక్కడి వాళ్లలాగే "బ్లి" అని పిలిచేవాళ్లం. అంటే "అన్నా" అని.

తెగల్లాలాంగ్ వరి మడులు దాటాక ఒక తోట ముందు ఆపాడు. లోపలికి వెళ్లగానే మూడు పంజరాలు. మనకు పునుగు అనగానే తిరుమల శ్రీవారికి శుక్రవారం అభిషేకం అయ్యాక పూసే తైలం గుర్తొస్తుంది. ఆ పునుగు పిల్లి కుటుంబానిదే ఈ లువాక్ కూడా. మన వైపు దీన్ని మానుపిల్లి అంటారు. బూడిదరంగు ఒళ్లు, కళ్ల చుట్టూ నల్లటి ముసుగు, పొడవాటి తోక.

ఇది పగలు పడుకుని రాత్రి తిరిగే జంతువు. రెండు పంజరాల్లోవి ముడుచుకుని పడుకున్నాయి. మూడోది మాత్రం ఆగకుండా తిరుగుతోంది. నాలుగు అడుగులు, మలుపు, మళ్లీ నాలుగు అడుగులు. మలుపు దగ్గర ప్రతిసారీ తల ఒకేలా ఎత్తి కడ్డీకి రాసుకుంటోంది. అలా రాసీ రాసీ ముక్కు పైన బొచ్చు ఊడి గులాబీ రంగు చర్మం బయటపడింది. కాళ్ల కింద నేల లేదు, ఇనుప జాలీ. మూలన ప్లాస్టిక్ గిన్నెలో కాఫీ పళ్లు, అంతే. అడవిలో బొప్పాయి, అరటి, తాటిజాతి పళ్లు, పురుగులు, ఎలుకలు తిని బతికే జీవి అది.

"ఇవి చూపించడానికేనండీ, మా కాఫీ అడవి లువాక్‌ది" అంది తోట చూపించే అమ్మాయి. పళ్లెంలో ఎండిన పెంటికలు పెట్టింది. పల్లీ అచ్చులో పల్లీల్లా గింజలు అతుక్కుని ఉన్నాయి. గుజ్జు అరిగిపోయినా గింజ పైపొర చెక్కుచెదరలేదు. వాటిని కడిగి, ఎండబెట్టి, పొట్టు తీసి వేయిస్తారు. కడుపులో ఉండగా గింజలోని ప్రోటీన్లు కొంత విరిగి చేదు తగ్గుతుందట.

కప్పు 50 వేల రూపియా. అక్క ఒక గుక్క తాగింది. "పల్చగా ఉంది, బాగానే ఉంది" అంటూ పంజరం వైపు చూసింది. కప్పు కింద పెట్టేసి, "ఇక గొంతు దిగట్లేదురా, పద" అంది.

ఆ రాత్రి బస కింతామణిలో ఒక కాఫీ రైతు ఇంట్లో. పడుకునే ముందు ఫోన్‌లో దీని గురించే చదివాను. డచ్చివాళ్ల కాలంలో తోట కూలీలను కాఫీ పళ్లు కోసుకోనిచ్చేవారు కాదని, వాళ్లు లువాక్ పెంటికల్లో గింజలు ఏరుకుని కాచుకునేవారని ఇండోనేషియాలో చెప్పుకుంటారు. 1991లో టోనీ వైల్డ్ అనే కాఫీ వ్యాపారి ఒక కిలో బ్రిటన్‌కు తీసుకెళ్లాడు. దాంతో దాని పేరు అక్కడ మారుమోగింది. తర్వాత పంజరాల సంగతి తెలిసి 2013లో ఆయనే దానికి వ్యతిరేకంగా ప్రచారం మొదలుపెట్టాడు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బాలిలోనే 16 తోటల్లో దాదాపు 50 లువాక్‌లను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కనీస సంరక్షణ ప్రమాణాలు ఒక్క తోటలోనూ లేవు. నాకు పొద్దున చూసిన ఆ నాలుగు అడుగులు కళ్ల ముందే తిరిగాయి.

రైతును "పాక్" అనేవాళ్లం, పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు. తొమ్మిదిన్నరకు తలుపు తట్టి, "రండి, వచ్చింది" అన్నాడు గుసగుసగా. పెరట్లో కాఫీ మొక్కల మధ్య కమలా చెట్లు, నీడ కోసం దాదాప్ చెట్లు. కింతామణి కాఫీకి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇండోనేషియాలో అదే మొదటిది. చలి వణికిస్తోంది. గాలిలో బాస్మతి అన్నం ఉడుకుతున్నట్టు వాసన. ఆ వాసన లువాక్‌దేనట, అక్కడి వంటల్లో వేసే పాందాన్ ఆకు వాసనలా ఉంటుందని దానికి ముసాంగ్ పాందాన్ అనే పేరు కూడా ఉంది.

టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూపించాడు. కొమ్మ మీద రెండు కళ్లు మెరిశాయి. అది ఒక గుత్తిని ముక్కుతో వెతికింది. ఒక పండు వాసన చూసి వదిలేసింది. ఇంకోటీ వదిలేసింది. మూడోది తింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లువాక్ కాఫీకి అంత పేరు తెచ్చింది బాగా పండినవే ఇలా ఏరుకోవడమే. గిన్నెలో పోసినవే తినాల్సిన జీవికి ఏరుకునే దారేది? పేరు మాత్రం అదే పెట్టి అమ్ముతున్నారు.

పొద్దున బాట పక్క రాయి మీద పెంటిక కనిపించింది. కాఫీ గింజలతో పాటు నల్లటి బొప్పాయి గింజలూ ఉన్నాయి. పాక్ కాఫీ గింజల్ని పుల్లతో వేరు చేసి కొబ్బరి చిప్పలో వేసుకున్నాడు. "సీజనంతా ఏరినా ఇంటికే చాలవు, అమ్మడానికెక్కడ?" అన్నాడు. ఒకప్పుడు కోళ్లను ఎత్తుకుపోతోందని ఉచ్చులు పెట్టేవాడట. తర్వాత ప్రాణంతో పట్టివ్వమని బేరగాళ్లు వచ్చారు. ఒక్కసారి ఇచ్చాడు. కొన్నాళ్లకు అది ఉన్న చోటికి పనిమీద వెళ్లాల్సొచ్చింది. అక్కడేం చూశాడో చెప్పలేదు. "మళ్లీ ఇవ్వలేదు" అని మాత్రం అన్నాడు. ఇప్పుడు కోళ్ల గూటికి రాత్రి తలుపేస్తున్నాడు.

వెళ్లబోతుంటే గోడ పగులులో మొలిచిన కాఫీ మొక్కను చూపించాడు. రెండే జతల ఆకులు. "ఇది నేను నాటింది కాదు" అని నవ్వి, వేళ్లు తెగకుండా మెల్లగా పెళ్లగించి మట్టి సంచిలోకి మార్చాడు. అక్క దోసిలితో నీళ్లు పోసింది.