టెంకలు ఎవరివి?

పశ్చిమ ఆఫ్రికా పల్లెల్లో చెట్టెక్కి పామాయిల్ గెల కొట్టేది మగవాళ్ళు. గెల నేలమీద పడ్డాక, నూనె డబ్బాలోకి చేరేదాకా సాగే చాకిరీ నైజీరియాలోనైనా ఘనాలోనైనా ఎక్కువగా ఆడవాళ్ళదే.

గెలలో పళ్ళు ముళ్ళ మధ్య బిగుసుకుని ఉంటాయి. అందుకే గెలను ముక్కలుగా నరికి, కుప్పపోసి, నీళ్ళు చిలకరించి, అరటాకులో గోనెలో కప్పి రెండు నుంచి నాలుగు రోజులు వదిలేస్తారు. కుప్ప లోపల వేడెక్కి పళ్ళు వదులవుతాయి, ఏరడం తేలికవుతుంది. నూనె పాడవడం మొదలయ్యేదీ ఇక్కడే. గుజ్జులో లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పండు నలిగిందంటే అది నూనెను విడగొట్టి ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలను, అంటే నూనె నుంచి విడిపడ్డ కొవ్వు ఆమ్లాలను, పెంచేస్తుంది. వ్యాపారంలో ముడి పామాయిల్‌లో ఇవి 5 శాతం దాటకూడదని చూస్తారు. ఎక్కువ రోజులు మగ్గిన కుప్పలోంచి వచ్చిన నూనె ఆ హద్దులో ఉండదు. దీన్ని ఆడవాళ్ళ అవగాహన లోపం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఏరే చేతులు చాలనప్పుడు కుప్ప ఇంకో రెండు రోజులు ఉండక తప్పదు కదా. నైజీరియాలో కొన్నిచోట్ల కావాలనే పులియబెట్టి, పేరుకునే 'గట్టి నూనె' తీస్తారు. దానికి కట్టెలూ శ్రమా తక్కువ పడతాయి.

ఏరిన పళ్ళను 200 లీటర్ల ఇనప డ్రమ్ములో నీళ్ళు పోసి, మూత వేసి, కొన్ని గంటలు ఉడికిస్తారు. ఆ వేడికి లైపేజ్ చచ్చిపోతుంది, గుజ్జు మెత్తబడి టెంకను వదులుతుంది. ఉడుకు చాలకపోతే ఎంత దంచినా గుజ్జు టెంకను పట్టుకునే ఉంటుంది, నూనె పీచులో మిగిలిపోతుంది. చల్లారనిచ్చినా అంతే. కాబట్టి పొగలు కక్కుతుండగానే రోట్లో వేసి దంచాలి. దంచేటప్పుడు టెంక పగలకుండా పోటు వేయాలి, ఎందుకంటే లోపలి పలుకు నూనె వేరే రకం. ఆ రెండూ కలవకూడదు.

దంచిన ముద్దను చేతి స్క్రూ ప్రెస్‌లో పిండుతారు. ప్రెస్ లేనివాళ్ళు తొట్టిలో నీళ్ళు పోసి, చేతులతో పిసికి, పీచు తీసేసి, తేలిన ఎర్ర నురగను దోసిళ్ళతో ఎత్తుతారు. ఆ నీళ్ళన్నీ మోసుకు రావలసిందే. నురగను మళ్ళీ కుండలో కాస్తారు. మొదట్లో చిటపటమంటూ పొంగుతుంది. నీరంతా పోయాక చప్పుడు ఆగి, నూనె తేటపడుతుంది. అప్పుడే దించాలి. తొందరపడితే మిగిలిన తేమ వల్ల నిల్వలో మళ్ళీ ఆమ్లం పెరుగుతుంది. అడుగు మడ్డి కదలకుండా పైనుంచి ముంచి తీయాలి.

ఇక టెంకలు. వాటిని బాగా ఎండబెడితే పలుకు కుంచించుకుని పెంకుకు ఎడంగా వస్తుంది. పచ్చిగా కొడితే పలుకు పెంకుకంటుకుని ముక్కలవుతుంది. ఒక రాయి మీద టెంక నిలబెట్టి, ఇంకో రాయితో ఒక్కొక్కటే కొట్టాలి. గంటల తరబడి సాగే పని ఇది. అయినా ఎందుకు చేస్తారంటే, నైజీరియా ఆగ్నేయంలోని ఇగ్బో జాతివాళ్ళ ఇళ్ళలో ఎప్పటినుంచో నూనె భర్తది, పలుకు భార్యది. పలుకు అమ్మిన డబ్బు ఆమె సొంతం. 1929లో అక్కడి ఆడవాళ్ళు బ్రిటిష్ పాలన మీద తిరగబడినప్పుడు, తమ మీదా పన్ను పడుతుందన్న భయంతో పాటు నూనె, పలుకుల ధరలు పడిపోతుండటం కూడా వాళ్ళను కదిలించింది. 1940ల చివరి నుంచి ప్రభుత్వం పయొనీర్ ఆయిల్ మిల్లులనే యంత్రపు నూనె మిల్లులు పెట్టింది. మిల్లు పండును మొత్తంగా కొనేది, డబ్బు భర్త చేతికి పోయేది, టెంకలు మిల్లులో మిగిలేవి. ఆడవాళ్ళు వాటిని ఎదిరించారు. యంత్రం శ్రమ తగ్గించినా, వాళ్ళ రాబడి కూడా తీసుకుపోయింది మరి.

ఇవాళ మోటారు యంత్రం పెట్టబోయే ఊళ్ళో మొదట తేల్చవలసింది దాని సామర్థ్యం కాదు, టెంకలు ఎవరు ఇంటికి పట్టుకెళ్తారన్నది. పీచు మరుసటి డ్రమ్ము కింద మంటకు వస్తుంది, పెంకులు కమ్మరి కొలిమికి పోతాయి. వాటి లెక్క కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.