ముందు పది పవర్ చెప్పండి

చెన్నైలో మన తెలుగు బడిలో చదివినవాళ్లకు సైన్సు మేష్టారి క్యాలిక్యులేటర్ గుర్తుండే ఉంటుంది. రిచీ స్ట్రీట్‌లో కొన్న కాసియో. బల్ల మీద పెట్టేవారు గానీ వెంటనే ముట్టుకోనిచ్చేవారు కాదు. "ముందు పది పవర్ (10³లో 3 లాగా పది నెత్తిన ఉండే అంకె) ఎంతో నోటితో చెప్పండి, తర్వాతే బటన్ నొక్కండి" అనేవారు.

ఒక మోల్ పదార్థంలో ఉండే కణాల లెక్క, అంటే 6.022 × 10²³ అనే అవగాడ్రో సంఖ్య పాఠం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తెర మీద 6.022, పక్కన కాస్త పైగా చిన్న అంకెల్లో 23. క్లాసులో చాలామంది కనబడింది కనబడినట్టే 6.022 నెత్తిన 23 వేసి రాసేశారు. మేష్టారు కొట్టివేత గీత పెట్టలేదు. "సరే నాయనా, 6.022ను 23 సార్లు వేసి గుణించు" అన్నారు. వచ్చింది సుమారు 8.6 × 10¹⁷. అసలు సంఖ్యకు ఏడు లక్షల రెట్లు తక్కువ! "తెర పదిని దాచుకుంటుందమ్మా. కాగితం మీద దాన్ని మీరే రాయాలి" అన్నారు. ఇంతకన్నా బాగా ఆ సంగతి చెప్పినవాళ్లను నేను చూడలేదు.

సూర్యకాంతి భూమికి చేరే సమయం లెక్క కూడా అంతే. సూర్యుడి దూరం 1.5 × 10¹¹ మీటర్లను కాంతి వేగం, సెకనుకు 3 × 10⁸ మీటర్లతో భాగించాలి. పదకొండులోంచి ఎనిమిది పోతే మూడు, 1.5ని 3తో భాగిస్తే అర, కాబట్టి 500 సెకన్లని ముందే చెప్పించారు. పది పవర్ వేసే ఈఎక్స్‌పీ (EXP) బటన్ వాడినవాళ్లకు 500 వచ్చింది. గుణకారం, పది, ఘాతం విడివిడిగా నొక్కినవాళ్లకు 5 × 10¹⁸ వచ్చింది. బ్రాకెట్ లేదు కదా, యంత్రం 3తో భాగించి ఆపైన 10⁸తో గుణించేసింది. అన్ని సెకన్లంటే దాదాపు 16 వేల కోట్ల ఏళ్లు. విశ్వం వయసే 1380 కోట్ల ఏళ్లు! ఈఎక్స్‌పీ అయితే 3 × 10⁸ మొత్తాన్నీ ఒకే సంఖ్యగా తీసుకుంటుంది.

మెరీనా ఎదుటి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్ 1930లో ఇంగ్లండు వెళ్లే ఓడలో, ఇంధనం అయిపోయి మిగిలే తెల్లమరుగుజ్జు నక్షత్రాల బరువుకు హద్దు ఎంతో లెక్క వేశారని చెప్పి, ఆ హద్దు మాచేత కట్టించారు. సూర్యుడి ద్రవ్యరాశికి 1.4 రెట్లు, అంటే 2.8 × 10³⁰ కిలోలు. క్యాలిక్యులేటర్ల కాలం కాదది.

ఇప్పుడు ఫోన్లలో ఆ 23 ముందు 'ఈ' (E) అక్షరం కనిపిస్తోంది, పది మాత్రం చాలావాటిలో ఇప్పటికీ కనిపించదు. మన పూర్వ విద్యార్థులం కలిసి బడికి క్యాలిక్యులేటర్లు కొనిద్దాం. టీచర్లకు నా మనవి ఒకటే: మొదటి వారం వాటిని బీరువాలోనే ఉంచి, పిల్లలచేత పది పవర్ నోటితో చెప్పించండి.