గోల్ కిక్ మళ్ళీ కొట్టించమని అరిచి పరువు తీసుకున్నా

మావాడికి తొమ్మిదేళ్ళు, అండర్ 10 ఆడుతున్నాడు. ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో శనివారం పొద్దున్నే మడత కుర్చీ, ఫ్లాస్కులో టీ వేసుకుని ఎవడైనా కారెక్కుతున్నాడంటే వాళ్ళింట్లో సాకర్ (మన ఫుట్‌బాలే) ఆడే పిల్లాడు ఉన్నట్టే లెక్క. ఈసారి గుంటూరు నుంచి వచ్చిన మా మావయ్య గారు కూడా తోడు, ఆయనకి క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు.

మొన్న మ్యాచ్‌లో గోలీ, అంటే గోల్‌కీపర్, మావాడే. గోల్ కిక్ వచ్చింది (అవతలి వాళ్ళకి తగిలి బంతి మన గోల్ వైపు గీత దాటి బయటికి పోతే, మన గోల్ ముందు నుంచి కొట్టి ఆట మళ్ళీ మొదలుపెట్టే కిక్), గట్టిగా కొట్టకుండా పక్కనున్న డిఫెండర్‌కి మెల్లగా తోశాడు, వాడేమో పెనాల్టీ బాక్స్ (గోల్ ముందు గీసిన పెద్ద డబ్బా) లోపలే బంతి అందుకుని ఉరికాడు. నేను కుర్చీలోంచి లేచి "రెఫ్, బాల్ బాక్స్ దాటలేదు, మళ్ళీ కొట్టించాలి" అని అరిచేశా. స్కూల్లో మా పీఈటీ సారు అలాగే నేర్పాడు మరి, బాక్స్ దాటితేనే బంతి ఆటలోకి వచ్చినట్టు అని. రెఫరీ హైస్కూల్ పిల్ల, నావైపు ఒకసారి చూసి ఆడండి ఆడండి అన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. పక్కనున్న ఇంకో పేరెంట్ మెల్లగా, ఆ రూల్ 2019లోనే మారిపోయింది బ్రో అన్నాడు. తల కొట్టేసినట్టయింది. కారెక్కాక మావాడు "డాడీ, నువ్వు వాళ్ళ టీమా?" అన్నాడు, అవును కదా, నేను అరిచింది మా టీమ్ మీదే.

ఇంటికొచ్చి రూల్స్ చదివా. ఇప్పుడు గోల్ కిక్ కొట్టగానే బంతి స్పష్టంగా కదిలితే చాలు, ఆట మొదలైనట్టే. మనవాళ్ళు బాక్స్ లోపల నిలబడొచ్చు, అవతలి వాళ్ళు మాత్రం కొట్టేదాకా బయటే ఉండాలి. గోలీయే కొట్టాలనీ లేదు, ఎవరైనా కొట్టొచ్చు, కానీ కొట్టినవాడు వేరేవాళ్ళు ముట్టుకోకముందే మళ్ళీ ముట్టుకుంటే అవతలి వాళ్ళకి ఫ్రీ కిక్. బంతి ఎలాగో వెనక్కి తిరిగి నేరుగా మన గోల్‌లోకే పోయినా గోల్ ఇవ్వరట, అవతలి వాళ్ళకి కార్నర్, అంటే మైదానం మూల నుంచి కొట్టే కిక్, ఇస్తారట (ఇది చదివి నవ్వొచ్చింది, మా పిల్లలు అదీ చేయగలరు).

అసలు తికమక అంతా బిల్డ్ అవుట్ లైన్ దగ్గర. ఏడుగురు ఏడుగురు ఆడే ఈ వయసు పిల్లల కోసం యూఎస్ సాకర్ వాళ్ళు 2017లో తెచ్చారు, పెనాల్టీ బాక్స్‌కీ సెంటర్ లైన్‌కీ మధ్యలో ఇంకో గీత. గోల్ కిక్ అనగానే అవతలి టీమ్ మొత్తం దాని వెనక్కి పోవాలి. అందరూ వెనక్కి నడుస్తుంటే మావయ్య గారు "అదేంటి అల్లుడు గారూ, మనవాణ్ణి చూసి భయపడ్డారా?" అన్నారు. భయం కాదు, ఈ వయసు పిల్లలు కొడితే బంతి పెద్ద దూరం పోదు, బాక్స్ బయటే నలుగురు కాచుకుని ఉంటే సరిగ్గా వాళ్ళ కాళ్ళ దగ్గరికే పోయి గోల్ అయిపోతుంది, ఇంక పాస్ ఇవ్వడం ఎప్పుడు నేర్చుకుంటారు. గోలీ చేతిలోంచి వదిలి గాల్లోకి తన్నడం కూడా ఈ ఏజ్ గ్రూప్‌లో కుదరదు, అదీ ఇందుకే.

కానీ ఒక మెలిక ఉంది. వాళ్ళు వెనక్కి వెళ్ళేదాకా గోలీ ఆగాలని రూలేం లేదు, ఆగకుండా ఆడితే ఆ రిస్క్ మనదే. సెకండ్ హాఫ్‌లో మావాడు చేసిందదే, వాళ్ళ ఏడో నంబర్ ఇంకా తీరిగ్గా నడుస్తూనే ఉన్నాడు, వీడు తొందరపడి కొట్టాడు, అది నేరుగా వాడి దగ్గరికే పోయింది. గోల్. మా వైపు పేరెంట్స్ అందరూ లైన్ లైన్ అని గోల పెట్టారు. నేను మాత్రం నోరెత్తలేదు, అప్పటికే ఒకసారి అయ్యింది కదా.

నిన్న సాయంత్రం డ్రైవ్‌వేలో చాక్‌పీస్‌తో గీత గీసి తాతామనవళ్ళు ప్రాక్టీస్. మావాడు కొట్టాడు, మావయ్య గారు గీతకి ఇవతలే నిలబడి కాలితో ఆపేశారు.

"తాతయ్యా, నువ్వు లైన్ వెనక ఉండాలి!"

"పోతూనే ఉన్నా కదరా, నువ్వు ఆగలేదుగా మరి."