కుస్కోలో మొదటి రాత్రి గట్టెక్కడం: నా అనుభవం

కుస్కో అంటే పెరూలో ఆండీస్ పర్వతాల్లో బాగా ఎత్తున ఉన్న ఊరు, స్పెయినువాళ్ళు రాకముందు అక్కడ ఏలిన ఇంకాల రాజధాని. మొదటి రాత్రి ఇబ్బంది పెట్టేది ఆ ఎత్తే. ముందు కాగితాల సంగతి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదో ఒకటి కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే భారతీయ పాస్‌పోర్టుకి పెరూ వీసా అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా చాలు. 2017 నుంచీ ఉన్న వెసులుబాటే ఇది. కానీ అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి, ఐ-797 అనే ఆమోద పత్రంతో నెట్టుకొస్తున్నవాళ్ళు ఆశ పెట్టుకోవద్దు. అది వీసా కాదు. కెనడా, మెక్సికోలకు వెళ్ళి నెలలోపు తిరిగొచ్చేవాళ్ళకున్న మినహాయింపు పెరూకి వర్తించదు, కాబట్టి తిరిగి అమెరికాలో అడుగుపెట్టడం దగ్గరే ఇరుక్కుంటారు.

పెరూ నుంచి ఆరు రోజుల్లోపు ఇండియా చేరేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపించాలి. కుస్కో ఎత్తులో ఆ జ్వరం తెచ్చే దోమ ఉండదు, నిజమే. మనవాళ్ళు చూసేది ఊరిని కాదు, దేశాన్ని. కార్డు లేకపోతే ఆ ఆరు రోజులూ పూర్తయ్యేదాకా క్వారంటైన్‌లో కూర్చోబెట్టవచ్చు. సూది వేయించుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

ఇక ఎత్తు. కుస్కో 3,400 మీటర్లు. ఆంధ్రలో అన్నిటికంటే ఎత్తైన అర్మకొండ 1,680. సముద్రం ఒడ్డునున్న పెరూ రాజధాని లిమాలో పొద్దున్నే విమానమెక్కితే గంటా ఇరవై నిమిషాల్లో అర్మకొండకి రెట్టింపు ఎత్తులో దింపేస్తుంది. కేదార్‌నాథ్ దీనికంటే కాస్త ఎత్తే, కానీ అక్కడికి దారిలో ఆగుతూ ఎక్కుతాం. కుస్కోకి సరైన పోలిక లేహ్. విమానంలో లేహ్‌లో దిగినవాళ్ళకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది.

గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే. పైకి పోయేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. కుస్కోలో అది సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు. అందుకని పగలు తెలియకుండానే ఎక్కువసార్లు ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, రక్తం క్షారం వైపు జరుగుతుంది, మెదడు "ఇక చాలు" అని శ్వాసని తగ్గించేస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు పెద్దగా తెలియదు. నిద్రలో కొన్ని సెకన్లు ఊపిరి ఆగిపోయి, ఉలిక్కిపడి లేచి, ఆబగా గాలి పీల్చుకుంటాం. మళ్ళీ నిద్ర, మళ్ళీ అదే. మొదటి రాత్రి భయపెట్టేది ఇదే. మూత్రపిండాలు ఆ క్షారాన్ని బయటికి పంపి లెక్క సరిచేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మూడో రోజుకి చాలామంది తేరుకునేది అందుకే.

ఎసిటజోలమైడ్, అంటే డయామాక్స్, చేసేది ఆ మూత్రపిండాల పనిని తొందరపెట్టడమే. మామూలుగా చెప్పే మోతాదు పూటకి 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకి రెండుసార్లు. ఎక్కడానికి ఒక రోజు ముందు మొదలుపెట్టి, చేరాక రెండు రోజులు వాడతారు. ఇండియాలో దొరికేది ఎక్కువగా 250 బిళ్ళ, సగం చేసుకోవాలి. వేళ్ళు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తాలి, సోడా కలిసిన ఏ పానీయమైనా చప్పగా తగులుతుంది. ఇవేవీ ప్రమాదం కాదు. సల్ఫా మందులు పడనివాళ్ళు, గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు.

తిరుమల 3,550 మెట్లు గంటన్నరలో ఎక్కేస్తాను, నాకేం అవుతుంది అనేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. ఆ ధీమాతో మొదటి రోజే ఊరంతా తిరిగి, రాత్రికి దిండు మీద నుంచి తల ఎత్తలేకపోయేది ఎక్కువగా వీళ్ళే.

అన్నిటికన్నా మంచి మందు కిందికి దిగడం. కుస్కో విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి పోకుండా నేరుగా టాక్సీలో దిగువనున్న సేక్రెడ్ వ్యాలీ అనే లోయకి వెళ్ళిపోండి. ఉరుబాంబా 2,870 మీటర్లు, ఒయాంటాయ్‌టాంబో 2,790. అక్కడ రెండు రాత్రులు, తర్వాత 2,430 మీటర్లలోని ఇంకాల శిథిల నగరం మచు పిచ్చు, ఆఖరికి కుస్కో. ఏజెంట్లు ఇచ్చే ప్యాకేజీలు మాత్రం మొదటి రెండు రాత్రులూ కుస్కోలోనే పడేస్తాయి, హోటళ్ళ బేరం వాళ్ళకి అక్కడ కుదురుతుంది కనుక. మార్చమని గట్టిగా అడగాలి. లిమా నుంచి బస్సులో వెళ్తే మెల్లగా అలవాటవుతుందనే మాట కూడా నమ్మకండి. ఇరవై గంటలు దాటే ఆ దారి మధ్యలో 4,000 మీటర్లు దాటిన కనుమలున్నాయి.

ఇప్పుడు నా ఒళ్ళు మండించిన ఘట్టం. హోటల్ రిసెప్షన్‌లో తలనొప్పి మాత్ర ఉందా అని అడిగాను. మాత్ర రాలేదు, డాక్టరొచ్చాడు. నాడి చూడకముందే ఆయన అడిగింది ట్రావెల్ ఇన్సూరెన్స్ ఏ కంపెనీదని. వేలికి ఆక్సీమీటర్ తగిలించి, రక్తంలో ఆక్సిజన్ 84 శాతమని చూపించి, తల అడ్డంగా ఊపి, సెలైన్, ఎక్స్‌రే, రాత్రంతా ఆక్సిజన్, ఒక ప్రైవేటు క్లినిక్‌లో అడ్మిషన్ అన్నాడు. చక్రాల కుర్చీ అప్పటికే లాబీలో సిద్ధంగా ఉంది. టిఫిన్ల దగ్గర నవ్వుకుంటూ పలకరించిన జనమంతా చావు కబురు విన్నట్టు చూస్తున్నారు. వద్దంటే, జరగబోయేదానికి బాధ్యత నాదేనని స్పానిష్‌లో రాసున్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పిలిచి పంపినందుకు రిసెప్షన్‌కీ ఎంతో కొంత ముడుతుందనే నా అనుమానం.

ఆ అంకె గురించి తెలిసుంటే ఎవరూ బెదరరు. కిందినుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి కుస్కోలో 85 నుంచి 91 మామూలే, నిద్రలో ఇంకా దిగుతుంది. వేళ్ళు చల్లబడి ఉంటే, గోళ్ళకి రంగుంటే తప్పు చూపిస్తుంది. చేతులు రుద్ది వెచ్చబరచుకుని, కూర్చుని, ఒక నిమిషం ఆగి చూడాలి. నేను చూస్తే 88 వచ్చింది. ఇంటి నుంచే ఒక ఆక్సీమీటర్ తీసుకెళ్ళండి, కోవిడ్ రోజుల్లో కొన్నది ఏ సొరుగులోనో ఉండే ఉంటుంది.

అంకె కన్నా లక్షణాలు ముఖ్యం. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం: ఇవి ఉంటే పారాసెటమాల్ వేసుకుని, నీళ్ళు తాగి, ఆ రోజుకి పైకి పోకుండా పడుకోవాలి. కూర్చున్నా ఆయాసం, తగ్గని దగ్గు, కళ్ళెలో గులాబీ రంగు నురగ, తికమక మాటలు, మడమకి బొటనవేలు ఆనించి నాలుగడుగులు తిన్నగా వేయలేకపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా నేను పైన తిట్టిందంతా మరిచిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, ఎంత వీలైతే అంత కిందికి దిగాలి. మందుల షాపుల్లో అమ్మే ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల ముచ్చట. మొదటి రెండు రోజులు మద్యం, నిద్రమాత్ర రెండూ వద్దు, ఊపిరిని ఇంకా మందగిస్తాయి.

ప్రతి హోటల్లోనూ కోకా ఆకుల టీ పెడతారు. అక్కడ అది చట్టబద్ధం, తరాల అలవాటు. కానీ ఒక్క కప్పు తాగినా మూత్ర పరీక్షలో కొకైన్ వాడినట్టు వచ్చే అవకాశం ఉంది. కొత్త క్లయింటు దగ్గర చేరబోతూ డ్రగ్ టెస్టు ఇవ్వాల్సినవాళ్ళు దాని జోలికి పోకండి. టీ సంచుల్ని బ్యాగులో వేసుకుని అమెరికాకో ఇండియాకో తేవడం నేరం.

వంటిల్లున్న అద్దె ఇల్లు తీసుకునేవాళ్ళకి: అక్కడ నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపైనా పలుకుగానే ఉంటుంది, చిన్న ప్రెషర్ కుక్కర్ ఉండాల్సిందే. ఆవకాయ ప్యాకెట్లు బూరల్లా ఉబ్బుతాయి, రెండో కవరు తొడగండి. హోటల్లో శాకాహారులు "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అంటే సరిపోదు, "సిన్ పోయో" (కోడి లేకుండా) కూడా అనాలి, లేకపోతే కోడి రసంతో చేసిన సూపు వస్తుంది.

టికెట్ల తిరకాసు. బొలెటో తురిస్తికో అంటే చూడదగ్గ చోట్లన్నిటికీ కలిపి ఇచ్చే టికెట్: విదేశీయులకి 130 సోళ్ళు (పెరూ డబ్బు), పది రోజులు, పదహారు చోట్లు. నాలుగైదు చోట్లే చాలనుకుంటే 70 సోళ్ళవి ఉన్నాయి, ఒకటి రెండు రోజులే చెల్లుతాయి. కథీడ్రల్ దీనిలో లేదు. ఇంకాల సూర్యాలయం కొరికాంచా ముందున్న తోట కింది మ్యూజియం ఉంది, అసలు కొరికాంచా లేదు. ఇంకాల గుండ్రటి మెట్ల పొలాలున్న మొరాయ్ ఉంది, పక్కనే ఉన్న మరాస్ ఉప్పుమడులు లేవు. నోట్లు తీసుకెళ్ళండి, కార్డు నడుస్తుందన్న నమ్మకం లేదు. మార్చుకునే డాలర్లకి అంచు చిరిగినా వద్దంటారు.

కొరికాంచా మాత్రం డబ్బు దండగనుకోవద్దు. ఈ సూర్యాలయం గోడల మీద స్పెయినువాళ్ళు సాంతో దొమింగో మఠం కట్టుకున్నారు. 1950 మే 21 భూకంపంలో పైకట్టడం బాగా దెబ్బతింది, కింద సున్నం లేకుండా పేర్చిన ఇంకా రాళ్ళు నిలిచాయి. గోడలు లోపలికి కాస్త వాలి ఉండటం, ద్వారాలు పైకి సన్నబడటం దగ్గరగా నిలబడి చూస్తే తెలుస్తుంది.

ఊరి పైనున్న శిథిలాలకి నడిచి ఎక్కకండి. టాక్సీలో 3,700 మీటర్ల తాంబొమాచాయ్‌కి పోయి, అక్కణ్ణుంచి దిగుతూ రండి: ఎదురుగా పుకా పుకారా, తర్వాత కెంకో, సక్సాయ్‌వామన్, చివరికి ఊళ్ళోని సాన్ బ్లాస్ పేట మెట్లు. వంద టన్నులు దాటిన రాళ్ళున్నది సక్సాయ్‌వామన్‌లోనే, సగం సమయం దానికే అట్టిపెట్టండి. సాన్ బ్లాస్ రాళ్ళు అరిగిపోయి నున్నగా ఉంటాయి, వాన పడిందంటే జారతాయి. చెప్పులతో వద్దు, అడుగున పట్టున్న బూట్లు వేసుకోండి.