పామాయిల్, పెన్షన్ డబ్బు

"ఆ నార్వేవాళ్లు షేర్లు అమ్మేస్తే ఏమవుద్దిరా, ఇంకొకడు కొనుక్కుంటాడు," అన్నాడు బాబాయ్. బీసెంట్ రోడ్డులో బజ్జీల బండి దగ్గర నిలబడ్డాం. బండాయన పామాయిల్ ప్యాకెట్ మూల కత్తిరించి మూకుట్లో పోస్తున్నాడు. అక్కణ్ణుంచే మాట నార్వే దాకా పోయింది.

నార్వే ప్రభుత్వ పెన్షన్ ఫండ్ 2012లో ఆసియాలోని 23 పామాయిల్ కంపెనీల వాటాలు అమ్మేసింది, అడవులు నరికి తోటలేస్తున్నారని.

బాబాయ్ మాటలో పాయింటుంది. షేరు చేతులు మారుతుంది, రంపం ఆగదు. నాకైతే వాటా ఉంచుకుని నెత్తిన కూర్చునేవాళ్లే నయమనిపిస్తుంది. నూనె ఏ తోటది, ఆ తోటకి ముందు అక్కడేముండేది అని ఏజీఎంలో, అంటే వాటాదారుల వార్షిక సమావేశంలో నిలదీయాలి. చెప్పకపోతే డైరెక్టర్లకి వ్యతిరేకంగా ఓటెయ్యాలి.

2020లో పెద్ద పెద్ద ఫండ్లు అడవుల నరికివేత ఆపమని బ్రెజిల్ ప్రభుత్వానికి ఉత్తరం రాశాయి. జులైలో అమెజాన్‌లో 120 రోజులు నిప్పు పెట్టకూడదని ఆర్డరొచ్చింది. అయినా ఆ ఏడాది దాదాపు 11 వేల చదరపు కిలోమీటర్ల అడవి పోయిందనుకోండి. కానీ ఆ ఆర్డరైనా ఊరికే రాలేదుగా.

మన పీఎఫ్ డబ్బు కూడా 2015 నుంచి ఈటీఎఫ్‌ల ద్వారా, అంటే చాలా కంపెనీల షేర్లు కలిపి కొనే ఫండ్ల ద్వారా, షేర్లలోకి వెళ్తోంది. సబ్బులు, బిస్కెట్లు చేసే పెద్ద కంపెనీలు కూడా అందులో ఉంటాయి, వాటికి పామాయిల్ కావాలి. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు తమకి వాటా ఉన్న కంపెనీల అన్ని తీర్మానాల మీదా ఓటెయ్యాల్సిందేనని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ రూలు. ఈటీఎఫ్‌లకీ అదే.

"అంటే మన తరఫున ఎవరో ఓటేస్తున్నారు బాబాయ్, మనమే ఎప్పుడూ అడగలేదు," అన్నాను.

"ముందు నీ పీఎఫ్ పాస్‌వర్డ్ గుర్తుందా?" అన్నాడు.